కిటికీ కొలత వేరు, ఇంటి కొలత వేరు: మా రాజేశం బావ

సిద్దిపేటలో కంప్యూటరు తెర మీద తెలుగక్షరాన్ని తిన్నగా నిలబెట్టిన రాజేశం ఇక లేడు. హైదరాబాదు పోయే బస్సులో, గజ్వేల్ బస్టాండు రాకముందే, కూర్చున్న సీటులో కూర్చున్నట్టే ప్రాణం విడిచాడు. బస్టాండు ఎదుటి ఎస్‌టీడీ బూతు నుంచి ఎవరో పుణ్యాత్ముడు ఆయన జేబులోని నెంబరు చూసి మా కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ప్యూను క్లాసు గుమ్మంలో నిలబడి, "మేడం, మీ బావకు గజ్వేల్‌ల పానం బాగలేదట, జర బయటికి రాండ్రి" అన్నాడు. బాగలేదన్న వార్త చెప్పడానికి ఎవరూ అంత మెల్లగా పిలవరు. చాక్‌పీసు చేతిలోనే ఉంది, సంగతి అర్థమైంది. అయినా నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకు బలమైన కారణముంది. ఆ పొద్దున బస్సెక్కేముందు మా ఇద్దరి మధ్య ఒక వాదం మొదలై సగంలో ఆగింది. "వచ్చినంక చెప్త" అని పోయాడు. నాకు తెలిసినంత కాలంలో ఆ మనిషి ఏ వాదాన్నీ సగంలో విడిచిపెట్టిపోలేదు.

లోకానికి ఆయన రాజేశం గారు. నాకు మా అక్క సుగుణ భర్త, బావ. ‘గారు’ అని రాస్తే నవ్వుతాడు కనుక రాయను. ఈ ఊళ్ళో నా నోటి సంగతి తెలిసినవాళ్ళు అడగవచ్చు: ఆయనతో అందరికంటే ఎక్కువ కొట్లాడినదానివి, నువ్వా సంస్మరణ రాసేది? అవును, నేనే. కొట్లాడినందుకే రాయాలి. తలూపినవాళ్ళకు ఆయన సగమే చెప్పాడు. మిగిలిన సగం ఎదురు మాట్లాడి నేను రాబట్టుకున్నాను. పగలు కాలేజీలో గణితం చెప్పి, సాయంత్రాలు బట్టల దుకాణం మీది అంతస్తులో కంప్యూటరు పనికీ పాఠాలకూ ఆయన పెట్టుకున్న చిన్న గదిలో, ఆయన పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని.

ఆయన పనేమిటో చెప్పకుండా ఆయనెవరో చెప్పలేను. ఓపిక పట్టండి, కష్టమైనదేమీ కాదు. కంప్యూటరు తెర వెనుక ఒక కార్డు ఉంటుంది. దాని మీద మెమరీ, అంటే వరుసగా నెంబర్లు వేసిన వేలాది గడులు. తెర మీద వెలిగే ప్రతి చుక్కకూ ఆ గడుల్లో ఒక జాగ. ఏ అక్షరం ఏ గడిలో పడాలో చూసుకునే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఆ ప్రోగ్రాములో లెక్కలు దాచుకోవడానికి గిన్నెలవంటివి ఉంటాయి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. కొన్ని సున్నకు తక్కువైన సంఖ్యలను కూడా పడతాయి, కొన్ని పట్టవు. ఏ లెక్కకు ఏ గిన్నె అన్నది రాసేవాడి ఇష్టం. చాలామందికి అది ఆలోచించదగ్గ విషయమే కాదు, చేతికందినది వాడతారు. బావకు మాత్రం అది ధర్మసూక్ష్మం. మెమరీ ఎంత ఉన్నదో చెప్పే సంఖ్యను ఏ గిన్నెలో పోయాలన్న ఒక్క ప్రశ్నకు ఆయన తన జీవితంలోని ఉత్తమ సంవత్సరాలను ధారపోశాడు. అతిశయోక్తి అనుకునేవారు కింది సంగతి చదవండి.

పెళ్ళికార్డులు వేసే ఒక ప్రెస్సులో కొత్తగా కంప్యూటరు తెచ్చారు. దాని తెర కార్డుతో పాటు ఎవరో రాసిన డ్రైవరూ వచ్చింది. అక్కన్నపేట నుంచి ఒక పెద్దాయన మనవడి లగ్గపత్రిక చూసుకోవడానికి కొడుకులిద్దరినీ వెంటబెట్టుకొని వచ్చాడు. తెర మీద వినాయకుడున్నాడు, వధూవరులున్నారు, ముహూర్తముంది. అట్టడుగున ఆహ్వానించువారి పేర్లుండవలసిన చోట నల్లగా ఉంది.

"గీడ నా పేరుండాలె గదా, ఏది?" అన్నాడు పెద్దాయన.

"కాయితం మీద వస్తది తాతా. అద్దంల కనిపిస్తలేదంతే" అన్నాడు ప్రెస్సు యజమాని.

"అద్దంల లేనిది కాయితం మీదికి యాడికెల్లొస్తది? నేను గుడ్డోన్నా?" అని కొడుకుల వైపు తిరిగి, "భూమి పంచినంక పేరు గూడ తీసేసిన్రా? నన్ను లగ్గానికి పిలువకుండ్రి, నేను సచ్చిన్నని రాయించుండ్రి!" అని తువాలు భుజాన వేసుకొని మెట్లు దిగబోయాడు. పెద్దకొడుకు చిన్నవాడిని అన్నాడు, చిన్నవాడు పెద్దవాడిని అన్నాడు. పెళ్ళి ఆగేటట్టే ఉంది. అప్పుడు బావకు కబురు వెళ్ళింది, వెనకే నేనూ పోయాను. కొట్లాట ఉన్నచోటికి నన్ను ఎవరూ పిలవనక్కరలేదు.

బావ మిషను ముట్టుకోలేదు. ముందు పెద్దాయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "పెద్దయ్యా, నీ పేరు యాడికి పోలే. కింద ఉన్నందుకు దాని జాగ నెంబరు పెద్దగైంది. ఆ నెంబరు పోసిన గిన్నె చిన్నగుంది. నిండినంక ఉల్టా లెక్క పెడుతది, నీ పేరు అద్దం అవతల ఉన్నదనుకొని గీస్తలేదు."

"మరి గిన్నె మార్చురాదు? నన్నెందుకు దాసిపెట్టుడు?"

"మారుస్త."

జరిగింది అదే. ఆ గిన్నె ముప్పైరెండు వేల ఏడు వందల అరవై ఏడు వరకే పడుతుంది. ఒక్కటి ఎక్కువైతే సంఖ్య రుణసంఖ్యగా తిరగబడుతుంది. తెర అడుగు వరుసల గడులన్నీ ఆ హద్దుకు అవతలే ఉన్నాయి. ప్రెస్సు యజమాని సులువైన ఉపాయం చెప్పాడు: "అక్షరాలను జర పైకి జరుపుతె అయిపాయె గదా సారూ." బావకు కోపం రావడం నేను అరుదుగా చూశాను, ఆ రోజు చూశాను. "ఇయ్యాల పైకి జరుపుతవ్. రేపు పెద్ద తెర తెస్తవ్. అప్పుడు ఎవని పేరు తీస్తవ్?" అని వచ్చేశాడు. ఆ రోజుకు పెద్దాయనకు కాగితం మీద అచ్చు తీయించి చూపించి, పేరు చదివి వినిపించి, బస్సెక్కించాడు. తరువాత ఆ డ్రైవరును బాగుచేయలేదు. మొత్తం తానే మొదటి నుంచి రాశాడు.

రాసేటప్పుడు చేసిన మొదటి పని, మెమరీ పరిమాణానికి ఒక ప్రత్యేకమైన గిన్నె పెట్టడం. దానికి పేరు కూడా పెట్టాడు: ‘కొలత’. ప్రోగ్రాములు రాసే సి భాషలో ఇంగ్లీషు లిపిలోనే రాయాలి కనుక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. హైదరాబాదు ఇంజనీర్లు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ భాషలో మామూలు సంఖ్యల గిన్నెకు ‘ఇంట్’ అని పేరు. "మామూలు ‘ఇంట్’ అని రాస్తే అరుగుతలేదా బావా?" అన్నాను.

"ఇంట్ అంటే ఏం తెలుస్తది విమలా? పిల్లల లెక్కనా, పేజీల లెక్కనా, మెమరీనా? చదివేటోడు అడుక్కోవాల్నా? కొలత అని ఉంటే, ఇది ఉత్త సంఖ్య గాదు, జర పైలంగ చూసుకోవాలె అని తెలుస్తది. మల్ల రేపు గిన్నె పెంచాల్నంటే ఒక్క తాన మారిస్తే అన్ని తాన్ల మారుతది."

ఈ పట్టుదల ఆయనకు ఎక్కడ అబ్బిందని చాలామంది అడుగుతారు. వరంగల్‌లో చదివిన ఇంజనీరింగు నుంచి అంటారు. కాదు. వాళ్ళ నాయినది మార్కెట్లో అడ్తి దుకాణం, కమీషను మీద వడ్లు అమ్మిపెట్టేది. చిన్నప్పుడు కల్లాల వెంట తిరిగాడు. రాశి కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. తరువాతి దానికి ‘రెండు’. కంప్యూటరు మొదటి గడికి ‘సున్న’ అంటుందని చెబితే మా విద్యార్థులు తికమకపడేవారు. బావ తేలిగ్గా తేల్చేవాడు: "మీ తాత ఒకటనకుండ లాభం అనలేదా? గట్లనే ఇది సున్న అంటది. పేరేదన్న పెట్టు, కుంచం వడ్లయితే పడ్డయి గదా!"

ఆ సున్నలోనే ఒక గోతి ఉందని కనిపెట్టిందీ ఆయనే. పాత కార్డుల మెమరీ అంతా ఒక్కసారి కనబడదు. అరవై ఐదు వేల అయిదు వందల ముప్పై ఆరు గడుల కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అది జరుపుకుంటూ చూడాలి. సున్న నుంచి మొదలు కనుక ఆఖరి గడి నెంబరు మొత్తం లెక్క కంటే ఒకటి తక్కువ. రుణసంఖ్యలు పట్టని చిన్న గిన్నె మొదటి రకానికి రెండింతలు పడుతుంది; ఆ నెంబరు అందులో ఇముడుతుంది, మొత్తం లెక్క పట్టదు, సున్నగా మారిపోతుంది. "నిండిన కుంచాన్ని చూసి ఖాళీ అంటది. గిట్లాంటి కొలిచేటోన్ని కల్లంల ఉండనిస్తరా?" అన్నాడు. నేను ఊరుకుంటానా! "మొత్తం ఎందుకు దాచుడు? ఆఖరి గడి నెంబరే దాచు, సరిపోతది" అన్నాను. గణితం చెప్పేదాన్ని, నాకది సొగసైన పరిష్కారంగా తోచింది. ఆయన గడ్డం గోక్కొని, "మరి ఒక్క గడి గూడ లేనప్పుడు ఏం రాస్తవ్?" అన్నాడు. సున్నకు ఒకటి తక్కువ రాయాలి, ఆ గిన్నెకు అది పట్టదు; నా సొగసు అక్కడే పోయింది.

పాఠాలు ఆయనకు పుస్తకంలో కంటే వంటింట్లో ఎక్కువ దొరికేవి. బొమ్మ వెడల్పును ఎత్తుతో గుణిస్తే ఎన్ని గడులు కావాలో తెలుస్తుంది. మా విద్యార్థులు రెండు చిన్న గిన్నెల సంఖ్యలను గుణించి, వచ్చినదాన్ని పెద్ద గిన్నెలో పోసి, పెద్దది వాడాం కదా సారూ అని మురిసేవారు. ఒకసారి బావ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగాయి. "సూడు విమలా! పొంగినంక పెద్ద గిన్నెల పోస్తే పొయ్యిల పడ్డయి తిరిగొస్తయా? ముందు గిన్నె పెద్దది చేయాలె, అటెంకనే గుణించాలె" అని చెయ్యి ఊపుతూ చెప్పుకుపోతున్నాడు. అక్క గుడ్డతో గిన్నె దింపుతూ, "పాలు పొంగుతున్నయని సూసినోనివి పొయ్యి బంద్ చేయొచ్చు గదా! పాఠం చెప్పుడే గాని లేసుడు లేదు" అంది. ఆయనను వాదంలో ఒక్క వాక్యంతో కూర్చోబెట్టగలిగినది మా అక్క ఒక్కతే.

దోషాలు లేని మనిషి అని రాస్తే ఆయనే ఒప్పుకోడు. మొండివాడు. నిదానస్తుడు. ఇతరులు రాసిన ప్రోగ్రామును అడగకుండా దిద్దేవాడు. దిద్ది, మంచి పని చేశాననుకునేవాడు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు రానని చెప్పడు, రాడు. అన్నిటికీ మించి, మెమరీ పరిమాణం ఎన్నడూ సున్నకు తక్కువ కాదు కనుక రుణసంఖ్యలను పట్టని గిన్నే వాడాలని పట్టుబట్టేవాడు. ఇందులో నేను ఆయనతో ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను.

ఒకరోజు తెర మీద అక్షరాలన్నీ చిరిగిన గుడ్డల్లా అయిపోయాయి. మిగిలిన జాగ కంటే పెద్ద బొమ్మను పెట్టబోయాం. ఉన్నదానిలో నుంచి కావలసినది తీసేస్తే లోటు రావాలి. కాని ఆయన గిన్నెకు లోటు అంటే తెలియదు! అది తిరగబడి వందల కోట్ల జాగ ఉన్నదని చెప్పింది. డ్రైవరు నమ్మి, అక్షరాలు దాచుకున్న చోటు మీదనే బొమ్మను పరిచింది.

"కొరత చెప్పరాని లెక్క అబద్ధమాడుతది బావా. దానికి మైనస్ నేర్పు" అన్నాను.

"మెమరీ మైనస్‌ల ఉంటదా? నీ ఇంట్ల మైనస్ బియ్యం ఉన్నయా?"

"తక్కువ పడ్డయని అయితే తెలుస్తది గదా!"

"తక్కువ పడుతయో లేదో వండకముందే చూస్తవ్. తీసేముందు పోల్చు. చాలినయంటేనే తీయి."

అప్పటి నుంచి ఆయన ప్రోగ్రాములో ఎక్కడ తీసివేత ఉన్నా దానిపై వరుసలో ఒక పోలిక ఉంటుంది. ‘తీసేముందు పోల్చు’ అని మా విద్యార్థులు ఇప్పటికీ అనుకుంటారు. పోల్చడం మంచిదే, కాదనను. మరచిపోయినవాడి గతి ఏమిటన్న నా ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది.

ఇక ఆ చివరి పని. హైదరాబాదులో కంప్యూటరు కార్డులు తయారుచేసే ఒక కంపెనీ తమ కొత్త కార్డుకు డ్రైవరు రాయమని బావను అడిగింది. పెద్ద మెమరీ, అనేక రంగులు. ఈ కార్డుతో పాటు ఆయన తెలుగక్షరాలు జిల్లాలు దాటి పోతాయని మాకందరికీ ఆశ. సగం పని అయ్యాక వాళ్ళ మేనేజరు ఫోన్ చేశాడు. ఎట్లాగూ కిటికీలో నుంచే కదా గడులను చూసేది, కిటికీకి చాలే చిన్న సంఖ్యలనే అన్నిటా వాడితే వేగంగా నడుస్తుంది, ఈ ‘కొలత’ గోలంతా ఎందుకు, ఇదీ ఆయన మాట. బావ మూఢుడు కాడు. కిటికీ లోపల గడుల మీద నడిచేటప్పుడు తానూ చిన్న గిన్నే వాడాడు; చిన్నది చాలినచోట పెద్దది పెట్టడం కూడా అవివేకమే అనేవాడు. కాని మొత్తం మెమరీ లెక్కకు చిన్నది పెట్టమంటే ససేమిరా అన్నాడు. "కిటికీ కొలత వేరు, ఇంటి కొలత వేరు సార్. కిటికీలకెల్లి తొంగిచూసి ఇల్లంత గింతే అంటరా?" అని ఫోన్లో అన్న మాట నా చెవిలో ఉంది.

చేసిన పనిని చూపించి ఒప్పించి వస్తానని డ్రైవరు ఎక్కించిన ఫ్లాపీలు సంచిలో పెట్టుకొని బయలుదేరాడు. బస్టాండుకు నేనూ నడిచాను. దారిలో, ‘కొలత’కు తీసుకున్న గిన్నెలో నాలుగు వందల కోట్ల పైచిలుకు గడులు పడతాయి, ఇక మన మనవలకు కూడా చాలు కదా అన్నాను. "చాలని నేను యాడ అన్న?" అన్నాడు. "అంటే గది గూడ చాలదని ఒప్పుకుంటున్నవా?" అన్నాను. అంతలో ఆయన ఎక్కిన బస్సు కదిలింది. కిటికీలో నుంచి చెయ్యి ఊపి, వచ్చాక చెబుతానన్నాడు.

బావతో పాటు ఫ్లాపీల సంచీ ఇంటికి చేరింది. దినవారాలు ముగిశాక మేనేజరు సిద్దిపేటకు వచ్చాడు. మర్యాదస్తుడే, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తరువాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు: "ఆ ఫ్లాపీలు ఇప్పించుండ్రి అమ్మా. మావోళ్ళు ఆ కొలతలన్నీ తీసేసి మామూలు ఇంట్ పెట్టుకుంటరు. రాజేశం గారి పేరు మాత్రం గౌరవంగ అట్లనే ఉంచుతం."

అక్క గోడకానుకొని కూర్చుంది. తలెత్తి, "పేరు ఉంచి పని తీసేస్తరా?" అంది.

"అట్ల గాదమ్మా..."

"ఇంకెట్ల? రేపు ఎవలదన్న పేరు అద్దంల కనబడకపోతే, తిట్లు ఎవలకు? ఆయన పేరుంటే ఆయన పని ఉండాలె. పని తీస్తే పేరు గూడ తీయుండ్రి."

మేనేజరు నా వైపు చూశాడు. నేను మధ్యవర్తిత్వం చేస్తాననుకున్నాడు కాబోలు, పాపం! మిగిలిన భాగం నేను పూర్తిచేస్తాను, కొత్త కార్డు ఒకటి మా గదికి పంపండి, వచ్చి చూసుకొని అప్పుడు తీసుకొనిపోండి అన్నాను.

"మేడం, మీరు లెక్కల లెక్చరర్ గదా?"

"అవును. గిదీ లెక్కనే."

కాలేజీకి సెలవు పెట్టి కూర్చున్నాను. బావ వదిలిపోయింది చిన్న పనేమీ కాదు. ఒక బొమ్మ రెండు కిటికీల సరిహద్దు మీద పడితే సగం ఇటు, సగం అటు పరచాలి. ఆ భాగం ఆయన మొదలే పెట్టలేదు. రాశాను, చెరిపాను, మళ్ళీ రాశాను. తీసివేత వచ్చిన ప్రతిచోటా పైన పోలిక రాశాను. మైనస్ నేర్పాలన్న నా వాదం నేను వదులుకోలేదు; కాని ఒక ఇంట్లో రెండు పద్ధతులుంటే కాపురం సాగదు. అన్నీ అయ్యాక మేనేజరు చెప్పిన విధంగా చిన్న సంఖ్యలతో మరొక డ్రైవరు కూడా తయారుచేశాను. మాటలతో ఒప్పుకునేవాడైతే బావతోనే ఒప్పుకునేవాడు.

మేనేజరు వచ్చాడు. అక్క కూడా మెట్లెక్కి వచ్చి, వెనక కుర్చీలో కూర్చుంది. ముందు మేనేజరు చెప్పిన పద్ధతిలో నడిపాను. సరిగ్గా కిటికీ నిండే బొమ్మను ఇచ్చాను. తెర మీద ఏమీ రాలేదు. నిండినదాన్ని ఖాళీ అనుకొని డ్రైవరు చేతులు కట్టుకుంది. తరువాత బావ డ్రైవరును నడిపాను. అదే బొమ్మ నిలిచింది. మెమరీని ఆఖరి గడిదాకా నింపాను, నిలిచింది. ఇంకొక్క బొమ్మ ఇచ్చాను, జాగ లేదని నిజం చెప్పింది. మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకొని, "వేగం?" అన్నాడు. రెండూ పక్కపక్కన నడిపి చూపించాను. తేడా కంటికి ఆనలేదు. "సరే మేడం. కొలత అట్లనే ఉండనియ్యుండ్రి, పేరూ ఉండనియ్యుండ్రి" అన్నాడు. అక్క లేచి కొంగుతో ముఖం తుడుచుకొని, టీ తెస్తానని కిందికి వెళ్ళింది.

డ్రైవరు వెళ్ళిపోయింది. బావ పని బావ పేరుతోనే వెళ్ళింది. ఇది సాధించినందుకు గర్వపడుతున్నాను, దాచుకోను.

కాని ఒక్క మాట చెప్పి తీరాలి. సరిహద్దు మీద బొమ్మ పరిచే ఆ భాగం పూర్తిగా నాది. మేనేజరు అది చదవనే లేదు, ఇంజనీర్లు మెచ్చుకున్నారట. అది నడుస్తున్నది. నడవడమూ సరిగా ఉండడమూ ఒకటి కాదని నాకు నేర్పిన మనిషి దాన్ని చూడలేదు. చూసి ఉంటే మొదటి పది వరుసల్లోనే వేలు పెట్టి, "విమలా, గిది గిట్ల ఎందుకు రాసినవ్?" అనేవాడు. నేను లేచేదాన్ని. ఇద్దరం అరుచుకునేవాళ్ళం. చివరికి అందులో తప్పుంటే బయటపడేది. ఇప్పుడు నేనేది రాసినా ఎవరూ కాదనడం లేదు. కాదనేవాడు పోయిన లోటు ఎంత పెద్దదో కొలిచి చెప్పడం నా చదువుకు చేతకాదు.

వచ్చే వారం నుంచి ఆ గదిలో పాఠాలు మళ్ళీ మొదలవుతాయి. చెప్పేది నేనే. మొదటి పాఠంగా నా ఆ భాగాన్నే విద్యార్థుల ముందు పెట్టి, తప్పు పట్టమంటాను. పట్టలేనివాడిని ఇంటికి పంపిస్తాను, పట్టినవాడిని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటాను. బావ అంతటివాడు మళ్ళీ రాడని తెలుసు. రాడని తెలిసే మొదలుపెడుతున్నాను. ఆ మహానుభావుడికి నేను చేతులు జోడించే తీరు ఇదే.